రాగిరేకులు చదివిన మనిషి గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన నివాళి వ్యాసమూ మొన్న సాయంత్రం చేరాయి. మీ గురువుగారు వెళ్ళిపోయి ఇంకా నెల తిరగలేదు. ఆ ఇంట్లో ఆయన కుర్చీ ఇంకా కిటికీ పక్కనే ఉంటుందనీ, దాని మీద ఎవరూ కూర్చోవడం లేదనీ నాకు తెలుసు. ఇలాంటప్పుడు కలం పట్టడమే కష్టం. నువ్వు పట్టావు, ఎనిమిది పేరాలు రాశావు, పైగా నిర్మొహమాటంగా చెప్పమని నన్ను అడిగావు. ఆయనతో నాకు నలభై ఏళ్ళ స్నేహం. ఆ స్నేహం మీద గౌరవంతోనే చెబుతున్నాను: వ్యాసం నిండా నీ దుఃఖం ఉంది, ఆయన మాత్రం ఎక్కడా కనిపించలేదు.

మొదటి మూడు పేరాలూ అన్నమయ్యకే వెళ్ళిపోయాయి. తాళ్ళపాకలో పుట్టడం, పదహారో ఏట స్వామి సాక్షాత్కారం, 32,000 సంకీర్తనలు, మన వాఙ్మయంలో పదకవితా పితామహుడి స్థానం, ఇవన్నీ పాఠ్యపుస్తకం చదివిన ప్రతి పిల్లవాడికీ తెలిసినవే. నాలుగో పేరాలో మీ గురువుగారు వచ్చారు. వచ్చీ రాగానే "అన్నమయ్య సాహిత్యానికే జీవితాన్ని అంకితం చేసిన మహనీయుడు" అన్న ఒక్క మాటలో కలిసిపోయారు. ఒక వాగ్గేయకారుడి కోసం బతుకంతా ధారపోసిన పండితుడికి ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. బతికినన్నాళ్ళూ తానే కోరుకుని ఆ మహాకవి వెనక నిలబడతాడు, పోయిన తరువాత కూడా మనం ఆయన్ని అక్కడే వదిలేస్తాం. కవి గురించి చెప్పడానికి మనకు వేల పేజీలున్నాయి. ఈ మనిషి ఉదయం ఐదు గంటలకు లేచి బల్ల ముందు కూర్చుని ఏం చేసేవారో చెప్పడానికి నువ్వూ, నాలాంటి మరో నలుగురూ తప్ప ఎవరూ లేరు. అందుకని మొదటి మూడు పేరాలూ తీసెయ్యి. అన్నమయ్య ఈ వ్యాసంలోకి రావలసింది మీ గురువుగారి పని ద్వారానే.

తరువాత విశేషణాల సంగతి. "తీరని లోటు", "సాహితీ లోకం ఒక ధ్రువతారను కోల్పోయింది", "నడిచే విజ్ఞాన సర్వస్వం" అని రాశావు. ఆ వాక్యాల్లో ఆయన పేరు తీసి, నిరుడు పోయిన మరో పండితుడి పేరు పెట్టి చదివి చూడు. ఒక్క అక్షరం మార్చనక్కరలేకుండా సరిపోతాయి. నువ్వు అబద్ధం రాశావని అనడం లేదు. అంత దుఃఖంలో ఉన్నప్పుడు చేతికి మొదట అందేవి ఇలాంటి మాటలే, ఎందుకంటే అవి ముందే తయారై ఉంటాయి. కానీ తయారుగా ఉన్న మాటను జీవితంలో ఎన్నడూ ఒప్పుకోని మనిషి గురించి నువ్వు రాస్తున్నావు.

ఇక్కడ నా తప్పు ఒకటి నీకు చెప్పాలి. ఇరవై ఎనిమిదేళ్ళ క్రితం, తాళ్ళపాక సాహిత్యం మీద పనిచేసిన ఒక పెద్దాయన పోయినప్పుడు, ఒక పత్రికవారు అడిగితే ఒక్క రాత్రిలో నివాళి రాసిచ్చాను. కన్నీళ్ళతో రాశాను. చివర్లో ఒక పాట పల్లవి ఉదహరించి, అన్నమయ్య మాటలతోనే ఆయనకు వీడ్కోలు చెబుతున్నానని ముగించాను. వారం తిరక్కుండా మీ గురువుగారి దగ్గర నుంచి కార్డు వచ్చింది. మూడే మూడు పంక్తులు. సంపుటం సంఖ్య, పాట చెక్కిన రాగిరేకు సంఖ్య, ఆ కింద "ఇది పెద తిరుమలయ్యగారిది" అన్న మాట. మందలింపు లేదు, ఎగతాళి లేదు. ఆ పోయిన పెద్దాయన తండ్రి పాటలేవో, కొడుకు పాటలేవో, మనవడి పాటలేవో విడదీసి చెప్పడానికే సగం ఆయుర్దాయం ఖర్చుపెట్టారు. తాళ్ళపాక కవులు ముగ్గురూ, అంటే అన్నమయ్య, కొడుకు పెద తిరుమలయ్య, మనవడు చిన తిరుమలయ్య, పాట చివర వేంకటేశుడి పేరే ముద్రగా వేసుకున్నారు. కనుక ముద్ర చూసి పాట ఎవరిదో చెప్పలేం. ఏ రేకు మీద ఉంది, ఆ రేకుల వరుస ఎవరి పేరుతో మొదలైంది అన్నదే ఆధారం. ఆయన చేసిన పనినే ఆయన నివాళిలో నేను చెరిపేశాను. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఇక నీ వ్యాసంలో ఒకచోట అన్నమయ్య 1424లో పరమపదించారని పడింది. ఇది చిన్న పొరపాటు కాదమ్మా, ముఖ్యంగా ఈ వ్యాసంలో. ఎలా వచ్చిందో కూడా నాకు అర్థమైంది. శృంగార సంకీర్తనల మొదటి రేకు మీద ఒక పొడుగాటి వాక్యం ఉంది. శాలివాహన శకం 1346 క్రోధి సంవత్సరంలో "అవతరించిన" అన్నమాచార్యులకు పదహారేళ్ళకు తిరువేంగళనాథుడు ప్రత్యక్షమైతే, అది మొదలుగా శకం 1424 దుందుభి సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా చేసిన సంకీర్తనలివి అని ఆ వాక్యం సారం. శకానికి 78 కలిపితే 1346 మన లెక్కలో 1424 అవుతుంది. ఆయన వెళ్ళిపోయిన శక సంవత్సరమూ 1424. ఒకే అంకె రెండు లెక్కల్లో రెండు చోట్ల కనిపిస్తుంది. తొందరలో ఉన్నవాడు శకాన్ని క్రీస్తుశకం అనుకుంటాడు. ఆ ఫాల్గుణం వచ్చేసరికి మన లెక్కలో 1503 ప్రవేశించింది, అదే ఆయన నిర్యాణ సంవత్సరం.

నువ్వు దిద్దుకుంటే చాలదు. ఈ వాక్యాన్నే నీ వ్యాసంలోకి తీసుకురావాలి. ఎందుకంటే మీ గురువుగారు ఎలాంటి పండితుడో చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. ఆ "అవతరించిన" అన్న ఒక్క మాట దగ్గర ఎందరు ఆగారో చూడు. మాట ఉన్నదున్నట్టు తీసుకుంటే 1424 పుట్టిన సంవత్సరం కావాలి. పదహారో ఏట సంకీర్తన మొదలైన సంవత్సరం అనుకుంటే పుట్టుక వెనక్కి జరిగి 1408 అవుతుంది. ఇవాళ మనందరం 1408 అని చెప్పుకుంటున్నామంటే తాళ్ళపాక సాహిత్యాన్ని పరిష్కరించిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటివారు ఈ మాటను తరచి తరచి చూసి వాదించడం వల్లనే. మీ గురువుగారు ఈ సమస్య మీద కొత్తగా తేల్చినదేమీ లేదు. కానీ విద్యార్థి ఎవరైనా తొలిసారి ఇంటికి వస్తే, ముందు ఈ వాక్యం కాగితం మీద రాసిచ్చి, "అవతరించిన అన్న మాటకు ఇక్కడ అర్థమేమిటి?" అని అడిగి, కాఫీ తాగడానికి లోపలికి వెళ్ళిపోయేవారు. నిన్నూ అడిగారని ఒకసారి నువ్వే చెప్పావు. నువ్వు ఏం జవాబు చెప్పావో, ఆయన కాఫీ గ్లాసుతో తిరిగి వచ్చి ఏమన్నారో రాయి. ఎనిమిది పేరాల్లో లేనిది ఆ ఒక్క సన్నివేశంలో ఉంది.

రాగిరేకుల గురించి తెలియని పాఠకుడికి రెండు మాటలు చెప్పక తప్పదు, కానీ రెండే చెప్పు. తాళ్ళపాకవారి పాటలు తిరుమల ఆలయంలో ఒక చిన్న అరలో శతాబ్దాలపాటు ఉండిపోయాయి. 1922 ప్రాంతంలో అవి పండితుల కంటబడ్డాయి. రెండు వేలకు పైబడిన రేకులు, చాలా రేకుల మీద ఆరేసి పాటలు. చెప్పుకునే 32,000లో మనకు దక్కినవి సగానికి తక్కువే. ఇంతవరకూ చాలు. అక్కడి నుంచి చదవడం అంటే ఏమిటో చూపించు. రేకు మీద మాటకూ మాటకూ మధ్య జాగా ఉండదు. ఎక్కడ విరవాలో చదివేవాడే తేల్చుకోవాలి. ఉదాహరణకు నేను కల్పించిన ఒక ముక్క చూడు, ఇది ఏ పాటలోదీ కాదు: "చెలియలుకదాచె". "చెలి యలుక దాచె" అని విరిస్తే ఆమె తన అలకను దాచుకుంది. "చెలియలు కదా" దగ్గర విరిస్తే చెలికత్తెలు వచ్చి కూర్చుంటారు, "చె" అన్న అక్షరం తరువాతి మాటకు అతుక్కోవడానికి దిక్కులు చూస్తుంది. ఒక్క విరుపులో నాయిక ఒంటరిగా ఉందో, పదిమందిలో ఉందో మారిపోతుంది. ఇలాంటి విరుపుల మీద ఒక మనిషి నలభై ఏళ్ళు కూర్చున్నాడని రాస్తే, "అపారమైన కృషి" అనే మాట అవసరమే ఉండదు.

ఆయన కచేరీలకు వచ్చేటప్పుడు చేతిలో పుస్తకం ఉండేది గుర్తుందా? అన్నమయ్య పాట మొదలుకాగానే పుస్తకం తెరిచి, వేలు పంక్తి మీద పెట్టుకుని వినేవారు. గాయకుడు తాళం కోసమో, ఊపిరి కోసమో మాట మధ్యలో ఆగినప్పుడు ఆ వేలు ఆగిపోయేది. నేను పక్కన కూర్చుని ఆయన ముఖం చూడటం మానేసి వేలినే చూసేవాణ్ణి. కచేరీ అయ్యాక వెళ్ళి గాయకుడికి నమస్కారం చేసి, ముందు మనసారా మెచ్చుకుని, ఆ తరువాత "ఆ రెండో చరణంలో మాట అక్కడ విరగదేమో చూడండి" అనేవారు. చాలామంది సంతోషంగా దిద్దుకున్నారు. ఒకరిద్దరు నొచ్చుకున్నారు, అదీ రాయవచ్చు, పేర్లు అక్కరలేదు.

సంగీతం సంగతి నీ వ్యాసంలో దాదాపు లేదు. ఆయన పాడలేరు కాబట్టి వదిలేశావేమో. కానీ ఆయన బాధలో పెద్ద భాగం అక్కడే ఉంది. త్యాగరాజస్వామి కృతులు శిష్యుల గొంతుల్లో, వారి శిష్యుల గొంతుల్లో నడుచుకుంటూ మన దాకా వచ్చాయి. తాళ్ళపాకవారి రేకుల మీద పాటకు రాగం పేరు ఉంది, స్వరం లేదు. కొండమలహరి, అమరసింధు, ఆబాలి వంటి పేర్లు రేకుల మీద చదువుకోగలం గాని, వాటి నడక ఎలా ఉండేదో పాడి చూపించేవారు లేరు. వినబడకుండా పోయిన పాటను కళ్ళతో చదువుతూ బతకడం ఎలాంటిదో ఊహించు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారికి ఆయన చెప్పలేనంత గౌరవం ఇచ్చింది అందుకే. మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాలు తెలుగు చెప్పి తిరుపతి వచ్చిన శర్మగారికి సాహిత్యం తెలుసు, సంగీతమూ తెలుసు. అందుకే రేకుల మీది పాఠాన్ని, అంటే పాట మాటల్ని, సరిచూసి పరిష్కరించిన చేత్తోనే వందకు పైగా పాటలకు వరుసలు కట్టగలిగారు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1974లో ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. మీ గురువుగారు ఆ పేరు ఎత్తినప్పుడల్లా, "ఆయనకు రెండు కళ్ళు, నాకు ఒకటే" అనేవారు. ఈ మాట నాతో చాలాసార్లు అన్నారు, నీతోనూ అనే ఉంటారు. అది వినయం కోసం అన్న మాట కాదు, నిజంగా ఆ లోటు ఆయన్ని తినేది. అరవై దాటాక ఒక సంగీతం మాస్టారి దగ్గర సరళీ స్వరాలు మొదలుపెట్టారని నీకు తెలుసో లేదో. గొంతు సహకరించలేదు, రెండేళ్ళకు మానేశారు. నువ్వు ఆయన్ని ధ్రువతార అన్నావు. నాకు మాత్రం అరవై రెండేళ్ళ వయసులో చాప మీద కూర్చుని, తొడ మీద తాళం వేస్తూ, పిల్లలతో కలిసి స్వరం పట్టుకోవడానికి తంటాలు పడుతున్న ఆయనే కళ్ళ ముందు ఉంటారు.

ఆయన భక్తుడా అన్న ప్రశ్న వస్తుంది. నీ వ్యాసంలో ఆయన్ని పరమభక్తుడిగా, దాదాపు ఋషిగా చిత్రించావు. ఆయనకు భక్తి ఉంది, కాదనను. కానీ పాఠం పరిష్కరించేటప్పుడు దాన్ని గడప బయట పెట్టేవారు. ఒక చరణంలో అర్థం స్వామి మహిమకు అనుకూలంగా ఉండే పాఠం, లిపిని బట్టి చూస్తే నిలబడని పాఠం అయినప్పుడు, లిపి వైపే నిలిచేవారు. శృంగార సంకీర్తనల్లోని మాటలకు అర్థాలు రాసేటప్పుడు కూడా సిగ్గుపడి తప్పించుకోవడం, వేదాంతం పులిమి సర్దేయడం ఆయన చేయలేదు. భక్తుడనే మాట కింద ఆ నిజాయితీని కప్పెట్టకు.

ఆయన లోపాల గురించి రాయాలా వద్దా అని ఉత్తరంలో అడిగావు. రాయాలి. ఒక పాఠాంతరం మీద తనతో విభేదించిన స్నేహితుడితో ఏళ్ళ తరబడి మాట్లాడలేదు. అందులో ఆయన పక్షమే తప్పని తరువాత ఆయనకే అనిపించింది, కానీ ఆ మాట స్నేహితుడికి చెప్పేలోగా అతను పోయాడు. ఇది నాకు స్వయంగా చెప్పి ఏడ్చారు. ఇంకొకటి, ఏ పనినీ చేయి దాటనిచ్చేవారు కాదు. ప్రూఫులు మూడుసార్లు దిద్దాక నాలుగోసారి మొదటి పేజీ నుంచి ఎత్తుకునేవారు. అచ్చు వేసేవారు విసిగి వదిలేసిన పుస్తకాలు రెండున్నాయి. అమ్మగారు ఆ ఇంటిని ఎలా నడిపారో, సంపుటాలకూ ప్రయాణాలకూ పోగా మిగిలిన జీతంతో ఇద్దరు పిల్లల్ని ఎలా చదివించారో ఒక్క వాక్యమైనా రాయకపోతే, ఈ నలభై ఏళ్ళ పని ఎవరి చేతుల మీదుగా జరిగిందో సగమే చెప్పినట్టవుతుంది. ఆవిణ్ణి అడిగే రాయి. ఆవిడ వద్దన్న మాట రాయకు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, నీ వ్యాసంలో ఒక్క మాట కూడా లేనిది, ఆ కార్డులు. తాళ్ళపాక పదకోశం కోసం ఆయన రాసిపెట్టుకున్న కార్డులు, చెప్పుల పెట్టెల్లో అక్షర క్రమంలో పేర్చి ఉన్నవి. ప్రతి కార్డు మీదా ఒక మాట, అది వచ్చిన రేకు, సందర్భం, ఇతర కవుల ప్రయోగం, ఇవాళ ఎక్కడైనా జనం నోట బతికి ఉంటే ఆ సంగతి. నాకు "జాజర" కార్డు ఒకసారి చూపించారు. వసంతంలో రంగులు చల్లుకుంటూ పాడే పాట అది, అన్నమయ్యకు ముందు నుంచే మన భాషలో ఉన్న మాట. కార్డు కింద భాగంలో, తెలంగాణ పల్లెల్లో హోళీకి ముందు వెన్నెల రాత్రుల్లో పిల్లలు కోలలు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతూ పాడే "జాజిరి" గురించి నోట్ చేసుకున్నారు. ఎవరో చెప్పగా రాసుకుని ఊరుకోలేదు. ఆ పున్నమికి బస్సెక్కి వెళ్ళి, ఒక ఊరి రచ్చబండ మీద కూర్చుని, పిల్లల చేత పాడించుకుని, వాళ్ళు పాడిన రెండు పంక్తులు పెన్సిలుతో ఎక్కించుకున్నారు. ఐదు వందల ఏళ్ళనాటి రాగిరేకు మీది మాట ఒక పిల్లవాడి నోట విన్నప్పుడు తన చేయి వణికిందని చెప్పారు. కార్డు మీద ఆ పంక్తులు నిజంగానే వంకరగా ఉన్నాయి.

ఆ కోశం పూర్తి కాలేదు. నువ్వు "ఆయన ఆశయం పరిపూర్ణమైంది" అని రాశావు. అది కొట్టెయ్యి. వేటూరివారు అన్నమయ్య మనవడు చిన్నన్న రాసిన ద్విపద కావ్యం అన్నమాచార్య చరిత్రకు ఆ గొప్ప పీఠిక రాసి, పుస్తకం 1949లో వెలువడిన మరుసటి ఏడే వెళ్ళిపోయారు. ఆయన మొదలుపెట్టినదాన్ని మరొకరు అందుకున్నారు. ఈ రంగంలో ఎవరూ పూర్తిచేసి పోలేదు. అన్నమయ్యే సంస్కృతంలో రాసిన, సంకీర్తన ఎలా ఉండాలో చెప్పే సంకీర్తన లక్షణం కూడా మనకు దక్కలేదు, మనవడు చిన తిరుమలయ్య తెలుగులో చెప్పినది మిగిలింది. మీ గురువుగారి కార్డులు ఎంతవరకు వచ్చాయో, ఏ అక్షరం దగ్గర ఆగాయో, ఎన్ని ఖాళీగా ఉన్నాయో నీ వ్యాసంలో సూటిగా చెప్పు. చదివినవాళ్ళలో ఒక్కరికైనా ఆ ఖాళీ కార్డు కనిపించాలి.

భాష గురించి పెద్దగా చెప్పను, నీ వాక్యం శుభ్రంగానే ఉంది. "దివంగతులైన", "కీర్తిశేషులైన" అని పదేపదే రాయనక్కరలేదు, ఒకసారి చెబితే అందరికీ తెలుస్తుంది. ఉటంకించే ప్రతి పాటకూ రేకు సంఖ్యా, ఎవరి రచనో కూడా సంపుటంలో స్వయంగా చూసుకుని రాయి. దేవస్థానంవారి సంపుటాలు 29 ఉన్నాయి. క్యాసెట్టు అట్ట మీద ఉన్నదాన్నీ, ఎవరో గుర్తుచేసుకుని చెప్పినదాన్నీ నమ్మకు. ఈ వ్యాసంలో తప్పు దొర్లితే కార్డు రాసేవారు ఇప్పుడు లేరు.

వచ్చే వారం మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళు. పుస్తకాలు ఎవరికైనా ఇచ్చేసే ఆలోచన అమ్మగారికి ఉందని విన్నాను. ఇల్లు సర్దేటప్పుడు ఆ చెప్పుల పెట్టెలు పాత కాగితాల్లో కలిసిపోకుండా ముందు చూసుకోమని ఆవిడతో నా మాటగా చెప్పు. బల్ల మీద, కళ్ళద్దాల పెట్టె కింద, చివరి రోజుల్లో రాసిన కార్డులు కొన్ని ఉండాలి. నేను జనవరిలో వచ్చినప్పుడు అక్కడే పెట్టుకుని రాస్తున్నారు. వాటిలో అన్నిటికన్నా పైన ఉన్నదాన్ని ఉన్నదున్నట్టు, కొట్టివేతలతో సహా, ఎత్తి రాసుకుని నాకు పంపు. వ్యాసం అక్కడి నుంచి మొదలుపెడదాం. ఒక్క సంగతి గుర్తుంచుకో. ఆయన చేతిరాతలో ప, వ దాదాపు ఒకేలా ఉంటాయి. తలకట్టు కలిసి ఉంటే వ, కాస్త ఎడంగా ఉంటే ప. వెలుతురులో పెట్టి నిదానంగా చదువు.